చాప మీద సంఘం, బల్ల చుట్టూ బోర్డు

డ్వాక్రా సంఘం మీటింగు తెలియని తెలుగువాళ్లు అరుదు. అమ్మో, పిన్నో, పక్కింటామో పాసుపుస్తకం సంచిలో వేసుకుని వెళ్లడం అందరం చూసిందే. కంపెనీ డైరెక్టర్ల బోర్డు సమావేశం మాత్రం తలుపులు మూసుకుని జరుగుతుంది కాబట్టి ఎక్కువమందికి పేరే తెలుసు, తీరు తెలియదు. అయినా రెండు చోట్లా పని ఒకటే. డబ్బు గురించి కొందరు కూర్చుని ఒక నిర్ణయానికి రావాలి, దాన్ని రాసిపెట్టాలి, రేపు దానికి జవాబు చెప్పుకోవాలి. రెండు చోట్లా అడ్డొచ్చేదీ ఒకటే: మొహమాటం. ఈ రెండు సంప్రదాయాల్లోని నియమాలు వరసగా చూస్తుంటే, వాటిలో చాలావరకు ఎదుటి మనిషి ముఖం చూసి ‘వద్దు’ అనలేని ఆ బలహీనతను అదుపులో పెట్టడానికే పుట్టాయనిపిస్తుంది నాకు.

సంఘంలో 10 నుంచి 20 మంది ఉంటారు. చాప పరిచి గుండ్రంగా కూర్చుంటారు. ముందు హాజరు, తర్వాత పోయినసారి తీర్మానాలు, పొదుపు, వాయిదాలు. కొత్త అప్పుల మాట చివర్లోనే. ఒకామె తన పొదుపు అందరి మధ్యా పెడుతుంది. లీడరు లెక్కపెట్టి పైకి చెబుతుంది. పుస్తకాలు రాసే అమ్మాయి ఆ మొత్తాన్ని సంఘం పుస్తకంలోనూ, ఆమె పాసుపుస్తకంలోనూ ఎక్కిస్తుంది. వాయిదా కట్టనివాళ్ల పేర్లూ అదే గొంతుతో వినిపిస్తాయి. చదువు రానివాళ్లకు లెక్క చెవితోనే అందుతుంది. సంఘాల పంచసూత్రాల్లో క్రమం తప్పని పొదుపు, అప్పు, చెల్లింపు, పుస్తకాలు, వీటన్నిటికంటే ముందు క్రమం తప్పని సమావేశం ఉంది. అలా ఉండటం సబబే. 1992 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో సారా మీద తిరగబడ్డ ఆడవాళ్లే ఆ తర్వాత రోజుకో రూపాయి పొదుపు వైపు నడిచారు. నలుగురిలో గొంతెత్తిన ఆ అలవాటు ఈ కూర్చోవడంలో ఇంకా మిగిలే ఉంది.

బోర్డు పద్ధతి దాన్ని పూర్తిగా తిరగేసినట్టు ఉంటుంది. సంఘంలో అందరికీ అన్నీ ఒకేసారి, అక్కడికక్కడే తెలుస్తాయి. బోర్డులో కాగితం మనిషికంటే ముందే చేరాలి. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఏడాదికి కనీసం నాలుగు సమావేశాలు జరగాలి, రెంటి మధ్య ఎడం 120 రోజులు దాటకూడదు. అత్యవసరమైతే తప్ప కనీసం 7 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అంటే సగం పని ఎవరింట్లో వాళ్లు, ఎవరి మొహమాటమూ లేకుండా, ఒంటరిగా చదువుకుంటూ చేసేది. ఆ కాగితాలనే మళ్లీ తెర మీద వేసి గంటసేపు చదివించే అధ్యక్షుడు ఆ ఏడు రోజులనూ నీళ్లపాలు చేసినట్టే. రాసుకోవడంలోనూ ఇదే తేడా. బోర్డు మినిట్స్ పుస్తకానికి ఎక్కడానికి 30 రోజుల గడువుంటే, సంఘం తీర్మానం చాప మడవకముందే పూర్తవ్వాలి, సంతకాలతో సహా.

ఫలానా లావాదేవీలో స్వప్రయోజనం ఉన్న డైరెక్టరు ఆ చర్చలో పాల్గొనకూడదంటుంది చట్టం. సంఘంలో అది కుదరని పని. అప్పు అడిగేదీ ఇచ్చేదీ ఆ చాప మీదున్నవాళ్లే. నిధిలో ఒకరికి సరిపడా డబ్బుంది, అడిగేవాళ్లు ఇద్దరనుకుందాం. ఒకామెకు కూతురి కాలేజీ ఫీజు, ఇంకొకామెకు గేదె. నేర్పున్న లీడరు తాను తీర్పు చెప్పదు. అప్పటిదాకా నోరు విప్పనామెను చూసి, “నువ్వేమంటావు వదినా?” అంటుంది. తర్వాత ఆమె పక్కనామెను. ఆ మాట చుట్టూ తిరిగొచ్చేసరికి గేదె అడిగినామే, “ఫీజు గడువు దగ్గరపడింది, నాది వచ్చే నెలకు రాయండి” అంటుంది. చేతులెత్తించి ఉంటే ఆమె ఓడిపోయినట్టయ్యేది. రేపు మళ్లీ అందరూ ఒకే బోరింగు దగ్గర నీళ్లు పట్టుకోవాలి కదా. అయితే ఆ చుట్టే ఒక్కోసారి బలవంతపు ఒప్పుకోలుగా మారుతుందనీ మరవకూడదు. బోర్డు అక్కడ మెరుగు: కాదన్న డైరెక్టరు అసమ్మతి పేరుతో సహా మినిట్స్‌లో నిలుస్తుంది. ఆ సంప్రదాయంలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించేది ఇదే.

నియమాలున్నంత మాత్రాన మొహమాటం పోదు. 2008 డిసెంబరు 16న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ బోర్డు, ఛైర్మన్ కుటుంబానికి వాటాలున్న రెండు మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనే ప్రతిపాదనను ఆమోదించింది. పేరున్న స్వతంత్ర డైరెక్టర్లు ఆ బోర్డులో ఉన్నారు. గదిలో ఎన్ని ప్రశ్నలొచ్చినా బయటికొచ్చింది ఆమోదమే. ‘వద్దు’ అన్నది ఇన్వెస్టర్లు. గంటల్లోనే ప్రతిపాదన వెనక్కి పోయింది. 2009 జనవరి 7న ఆ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖతో ఖాతాల్లోని మోసమూ బయటపడింది. సంఘాల్లోనూ ఇలాంటి జారుడు ఉంది. బ్యాంకు పని తొందరలో తీర్మానం పుస్తకం ఇంటింటికీ తిరుగుతుంది. లీడరు మీద నమ్మకంతో పొయ్యి దగ్గర నుంచే సంతకం పెట్టేస్తారు. జరగని సమావేశం జరిగినట్టు పుస్తకంలో ఉంటుంది.

ఈ ఇంటింటి సంతకానికి బోర్డుల్లో చట్టం ఒప్పుకున్న చుట్టం ఉంది: సర్క్యులర్ తీర్మానం. కూర్చోకుండానే, అందరికీ కాగితాలు పంపి మెజారిటీ సమ్మతితో ఆమోదించవచ్చు. కానీ మొత్తం డైరెక్టర్లలో మూడో వంతు మంది కోరితే ఆ విషయాన్ని సమావేశంలోనే తేల్చాలి. అప్పు తేవడం వంటివి ఎలాగూ సమావేశంలోనే తేలాలి. సంఘాలు ఈ రెండు కట్టుబాట్లనూ, వాటితోపాటు ‘వద్దు’ అన్నామె పేరు రాసే అలవాటునూ తీసుకోవాలి. అలాగే బోర్డు అధ్యక్షులు సంఘం నుంచి ఆ చుట్టును తీసుకోవాలి: పెద్ద నిర్ణయం ఏదైనా కొత్తగా చేరిన డైరెక్టరుతో మొదలుపెట్టి, ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడిగి, తమ మాట చివర చెప్పడం. దీనికి చట్టం మారనక్కర్లేదు, వచ్చే సమావేశంలోనే మొదలుపెట్టవచ్చు.