మెత్తని లోహం మోసే వేగం

రేసింగ్ ఇంజన్ అనగానే అందులో తళతళలాడే ఉక్కు గుండ్ల బేరింగులు ఉంటాయనుకునేవాళ్ళే ఎక్కువ. ఒకటీ అరా చోట్ల ఉంటాయి కూడా. కానీ అసలు బరువు పడేచోట మాత్రం ఉండవు. నిమిషానికి 18,000 చుట్లు తిరిగిన ఫార్ములా వన్ ఇంజన్లో క్రాంక్ షాఫ్టును మోసినవి, ఉక్కు రేకును అర్ధవృత్తంగా వంచి పైన మెత్తని లోహం పట్టించిన చిప్పలు. వాటినే మన మెకానిక్కులు షెల్ బేరింగులంటారు. నిజామాబాద్‌లో ట్రాక్టర్ ఇంజన్ విప్పినా, చెరుకు లోడు లాగే లారీ ఇంజన్ విప్పినా కనిపించేవి ఆ జాతి బేరింగులే. పనితనంలో, ధరలో తేడా ఉంటుంది తప్ప పుట్టుక ఒక్కటే.

అంత వేగాన్ని గట్టి ఉక్కుకు అప్పగించకుండా మెత్తని లోహానికి ఎందుకు అప్పగించారు? జవాబు కోసం ముందు బోధన్ చెరుకు మిల్లు దగ్గరికి వెళ్ళడం మంచిది.

నాలుగు చుట్ల రోలరు, పద్దెనిమిది వేల చుట్ల క్రాంకు

మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక కాలువ నీళ్ళు బోధన్ చుట్టుపక్కల చెరుకును పెంచాయి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, 1937లో, శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఆసియాలోనే అతి పెద్దదని ఒకప్పుడు దానికి పేరు. ఆ తరం చక్కెర మిల్లుల్లో మూడేసి రోలర్లు ఒక జట్టుగా పనిచేసేవి. పై రోలరును హైడ్రాలిక్ ఒత్తిడితో కిందికి నొక్కి పట్టేవారు. ఆ నొక్కుడు వందల టన్నులు. రోలరు మాత్రం నిమిషానికి నాలుగైదు చుట్లకు మించి తిరగదు. దాని మెడలను మోసేవి కంచు, గన్‌మెటల్ బేరింగులు; వాటినే బ్రాసులంటారు. అవి వేడెక్కకుండా లోపలి దారుల్లో నీళ్ళు పారించేవారు.

లెక్క వేసి చూడండి. రోలరు మెడ వ్యాసం అర మీటరు, వేగం నిమిషానికి 5 చుట్లు అనుకుంటే, మెడ అంచు సెకనుకు 13 సెంటీమీటర్లు కదులుతుంది. రేసింగ్ క్రాంకు జర్నల్ (బేరింగులో తిరిగే మెడ) వ్యాసం 40 మిల్లీమీటర్లు, వేగం 18,000 చుట్లు అనుకుంటే, దాని అంచు సెకనుకు 37 మీటర్లకు పైగా పరుగెత్తుతుంది. దాదాపు 300 రెట్ల తేడా. అయినా రెండుచోట్లా పనిచేసేది ఒక్క ఏర్పాటే: గట్టి షాఫ్టు, మెత్తని బేరింగు, నడుమ నూనె.

మోయడంలో మాత్రం తేడా ఉంది. వేగంగా తిరిగే షాఫ్టు నూనెను తనతోపాటు సందులోకి లాక్కుపోతుంది. సందు ఇరుకయ్యేచోట నూనెకు పోయే దారి లేక ఒత్తిడి పెరిగి, షాఫ్టును పైకి లేపుతుంది. వాన పడ్డ తారు రోడ్డు మీద వేగంగా పోయే బండి టైరు నీళ్ళపై తేలిపోయినట్టే ఇది. అప్పుడు లోహం లోహాన్ని తాకదు. చెరుకు రోలరుకు ఆ వేగం లేదు. అక్కడ నూనె పొర పూర్తిగా కట్టదు, లోహాలు ఎంతోకొంత రాసుకుంటూనే ఉంటాయి. పైగా కాస్త ఆమ్ల గుణమున్న చెరుకు రసం లోపలికి చేరి కందెనను కడిగేస్తుంది. అందుకే అరిగినా షాఫ్టును కొరకని లోహం కావాలి.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో రేసింగ్ ఇంజన్ పరిస్థితి కూడా చెరుకు మిల్లుదే. వేగం అందుకోనంతవరకు నూనె పొర ఉండదు. ఆ గండం దాటించేది మెత్తని పూతే. ఫార్ములా వన్ జట్లు ఇంజన్‌కు ముందే వేడి నీళ్ళు, వేడి నూనె తిప్పి, ఆ తర్వాతే స్టార్ట్ చేయడం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి.

బిరడా ఎగిరిన సంగతి

నూనె షాఫ్టును తేల్చుతుందని మొదట తెలిసింది ఒక చిన్న చిక్కు వల్ల. 1883లో ఇంగ్లండ్‌లో బోషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగుల మీద పరీక్షలు చేస్తూ, నూనె పోయడానికి బ్రాస్ నడినెత్తిన రంధ్రం పెట్టాడు. నూనె లోపలికి పోవడానికి బదులు అందులోంచి పైకి తన్నింది. చెక్క బిరడా కొడితే దాన్నీ తోసేసింది. గేజి పెట్టి చూస్తే, బేరింగు మీద పడే సగటు ఒత్తిడికి రెట్టింపు కన్నా ఎక్కువ చూపించింది. మూడేళ్ళకు ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణిత సూత్రం కట్టాడు. నేటి రేసింగ్ బేరింగుల డిజైను అంతా ఆ సూత్రం మీదే నిలబడింది. నూనె రంధ్రాన్ని బరువు ఎక్కువ పడేచోట పెట్టకూడదన్న పాఠం కూడా అప్పటిదే.

పోత పని

మెత్తని లోహం అనగానే ముందు చెప్పుకోవలసింది వైట్ మెటల్. 1839లో అమెరికాలో ఐజాక్ బాబిట్ తెచ్చిన మిశ్రమం ఇది. మంచి రకంలో తగరం సుమారు 89 శాతం, మిగతాది ఆంటిమొనీ, రాగి. తగరం మెత్తగా ఉండి షాఫ్టుకు ఒదుగుతుంది. అందులోని గట్టి రేణువులు బరువు మోస్తాయి. ఇసుక రవ్వ పడితే మెత్తని భాగం దాన్ని తనలో కుక్కుకుని షాఫ్టును కాపాడుతుంది.

దీన్ని పోయడం చేతి విద్య. పాత లోహాన్ని కరిగించి తీసేశాక, బ్రాస్‌ను జిడ్డు లేకుండా కడిగి, ఫ్లక్స్ పూసి, తగరంతో కళాయి చేస్తారు. కళాయి ఒక్కచోట తప్పినా పోత అక్కడ అతుక్కోదు. బ్రాస్‌ను వేడి చేసి, నడుమ మసి పట్టించిన ఇనుప కడ్డీ నిలబెట్టి, కరిగిన లోహాన్ని ఎక్కడా ఆపకుండా ఒక్క ధారగా పోస్తారు. మధ్యలో ఆగితే పొర విడిపోతుంది. అంటుకుందో లేదో చూడటానికి మొదటి పరీక్ష చెవితోనే: తట్టి చూస్తే గంటలా మోగాలి, బొంగురుగా పలికితే పోత మళ్ళీ మొదలు. రెండో పరీక్ష కిరోసిన్‌ది. అందులో నానబెట్టి, తుడిచి, అతుకు అంచున సుద్ద రాస్తే, విడిపోయినచోట కిరోసిన్ ఊరి సుద్ద తడిసి కనిపిస్తుంది.

లేత్ మీద బోరింగ్ అయ్యాక గీకుడు పని. షాఫ్టుకు నీలం పలుచగా రాసి, బ్రాస్‌లో పెట్టి కాస్త తిప్పుతారు. ఎత్తుగా ఉన్నచోట్ల నీలం అంటుతుంది. ఆ మచ్చలను మాత్రమే మూడంచుల స్క్రేపర్‌తో గీకి, మళ్ళీ పెట్టి చూస్తారు. మచ్చలు చిన్నవై బ్రాసంతా సమంగా పరుచుకునేదాకా ఇదే వరస.

బేరింగుల వ్యాపారి రేసు జట్టు

వైట్ మెటల్‌కు ఒక బలహీనత ఉంది. మందంగా పోస్తే దెబ్బల బరువుకు పగుళ్ళు వస్తాయి. రేసింగ్‌లో ఆ దెబ్బలు మామూలువి కావు. వేగం రెట్టింపైతే పిస్టన్ జడత్వ బలం నాలుగింతలవుతుంది. 40 మిల్లీమీటర్ల స్ట్రోకుతో 18,000 చుట్ల దగ్గర పావు కిలో పిస్టన్ రెండు టన్నులకు పైగా బలంతో కనెక్టింగ్ రాడ్‌ను లాగుతుంది.

దీనికి కొందరు రోలర్ బేరింగులను ఆశ్రయించారు. డ్రైవర్ ఫాంజియో 1955లో నడిపి ప్రపంచ విజేత అయిన మెర్సిడెస్ డబ్ల్యూ 196 క్రాంకు రోలర్ల మీదే తిరిగింది. రోలర్లకు నూనె తక్కువ చాలు, ఒక క్షణం అందకపోయినా తట్టుకుంటాయి. అయితే ఒంటి ముక్క రోలర్ బేరింగు ఎక్కాలంటే క్రాంకును ముక్కలుగా చేసి, పళ్ళు కలిపి బోల్టులతో బిగించాలి. బరువు, ఖర్చు రెండూ పెరుగుతాయి. వేగం మరీ పెరిగితే రోలర్లు దొర్లకుండా జారడం మొదలుపెడతాయి.

రెండో దారి పొరల చిప్ప: ఉక్కు వీపు, దాని మీద రాగి-సీసం పొర, అన్నిటికన్నా పైన మిల్లీమీటరులో నూటికి ఒకటి రెండు వంతుల మందంలో మెత్తని పూత. పూత ఎంత పలుచనైతే అంత బరువు ఓర్చుకుంటుంది. ఇలాంటి పలుచని చిప్పలను బ్రిటన్‌లో థిన్‌వాల్ పేరుతో చేసి అమ్మిన టోనీ వాండర్‌వెల్, ఆ సరుకు వాడే ఫెరారీ కారునే కొని థిన్‌వాల్ స్పెషల్ పేరుతో పందేలకు దించాడు. తర్వాత సొంత జట్టు పెట్టాడు. తన పేరూ బేరింగు పేరూ కలిపిన ఆ వాన్‌వాల్ జట్టే 1958లో ఫార్ములా వన్ తొలి కన్‌స్ట్రక్టర్ల చాంపియన్‌షిప్ గెలిచింది. 1967లో వచ్చిన కాస్‌వర్త్ డీఎఫ్‌వీ ఇంజన్ కూడా చిప్పల మీద తిరిగిందే. అది 155 గ్రాండ్ ప్రీలు గెలిచాక రోలర్ల వాదన దాదాపు ముగిసింది.

రోలర్లు నిలిచింది టూ స్ట్రోకులో. మన కుర్రకారు ఇప్పటికీ వెతుక్కుని కొనే యమహా ఆర్ఎక్స్ 100లో కనెక్టింగ్ రాడ్ అడుగున ఉన్నది సూది రోలర్ల బేరింగు. అక్కడ ఒత్తిడితో వచ్చే నూనె ధార లేదు, పెట్రోలు ఆవిరితో కలిసొచ్చే 2టీ ఆయిల్ తుంపరే దిక్కు. ఆ కాస్త నూనెతో చిప్ప బతకదు, రోలరు బతుకుతుంది. విద్యుత్ మోటారు సంగతి మరొకటి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరుగెత్తిన ఫార్ములా ఈ కార్లలో పిస్టన్ దెబ్బలే లేవు. అలాంటి మోటార్లకు గుండ్ల బేరింగులే సరిపోతాయి. షాఫ్టులో కరెంటు పారి ఉక్కు గుండ్లకు గుంటలు పడకుండా సిరామిక్ గుండ్లు వాడటం అక్కడి జాగ్రత్త.

నూనె విషయంలో మాత్రం ఎడ్లబండికీ రేసు కారుకూ పాత చుట్టరికం ఉంది. బండి ఇరుసుకు మనవాళ్ళు వాడిన ఆముదమే తొలితరం రేసింగ్ ఇంజన్లలోనూ పోశారు. 1909లో వచ్చిన కాస్ట్రాల్ పేరులో ఉన్నది ఆముదమే. అది లోహాన్ని గట్టిగా అంటుకుని, నూనె పొర తెగినచోట కూడా కొంత కాపలా కాస్తుంది. కాకపోతే వేడికి బంకలా గడ్డకడుతుంది. అందుకే పందెం కాగానే ఇంజన్ విప్పి కడుక్కునేవారికే అది పనికొచ్చింది.

చిప్పను చదవడం

షెల్ బేరింగులు వచ్చాక గీకుడు పోయి మైక్రోమీటర్ వచ్చింది. పైపూత అంత పలుచన కాబట్టి స్క్రేపర్ గానీ ఎమరీ పేపరు గానీ తాకించడమంటే బేరింగును చేజేతులా చంపడమే. క్రాంకు అరిగితే గ్రైండింగ్ చేయించి, దానికి తగ్గ పది, ఇరవై, ముప్పై అండర్ సైజు చిప్పలు వేస్తారు. ఆ అంకెలు అంగుళంలో వెయ్యో వంతులు. 50 మిల్లీమీటర్ల జర్నల్‌కు సందు సుమారు 0.05 మిల్లీమీటరు ఉండాలన్నది పాత లెక్క. ఎక్కువైతే నూనె ఒత్తిడి నిలవదు, తక్కువైతే వేడికి పట్టేస్తుంది. చిప్పలు సగం వృత్తం కన్నా రవ్వంత పొడుగ్గా ఉంటాయి. క్యాపు బిగించగానే అవి హౌసింగుకు గట్టిగా అదుముకోవడానికే ఆ మిగులు. బిగుతుగా ఉన్నాయని అంచులు రాకి కూర్చోబెడితే చిప్ప లోపల తిరగడం ఖాయం.

విప్పిన చిప్పను వెలుగులో పెట్టి చూస్తే ఇంజన్ కష్టం తెలుస్తుంది. బూడిద రంగు పోయి రాగి రంగు తేలితే పైపూత అయిపోయింది. చుట్టూ సన్నని గీతలుంటే నూనెలో దుమ్ము. ఒక పక్క అంచే మెరుస్తుంటే రాడ్ వంగింది. లోహం కరిగి పులుముకుని నల్లబడితే నూనె అందలేదు. చిన్న చిన్న పెచ్చులు లేచిపోతే మోయలేని బరువు పడింది. రేసు జట్టు ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద వెతికేవీ ఈ గుర్తులే.

నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. నడుస్తున్న మిల్లుల్లో కంచు బ్రాసుల స్థానంలో రోలర్ బేరింగులు వస్తున్నాయి. నెమ్మదిగా తిరిగే మిల్లులో అవి కరెంటు ఆదా చేస్తాయి గనుక అది సబబే. పోత పని తగ్గిపోవచ్చు. కానీ ఎక్కడ మెత్తన ఉండాలి, ఎంత సందు వదలాలి, నూనె ఎటు నుంచి రావాలి అన్న మూడు ప్రశ్నలు మారలేదు. వాటికి జవాబు తెలిసిన మెకానిక్కు పాత చిప్పలను చూడకుండా కొత్తవి వేయడు. ఎందుకు పోయాయో తెలియకుండా వేస్తే కొత్తవీ అదే దారి పడతాయని అతనికి తెలుసు. ఈసారి ట్రాక్టర్ ఇంజన్ పనికిస్తే ఆ పాత చిప్పలను పారేయనీయకండి. వరసగా పేర్పించి, ఏది ఎందుకు అరిగిందో అడిగి చెప్పించుకోండి. ఆ తర్వాతే కొత్త సెట్టుకు డబ్బు తీయండి.