వెన్నుతో వదిలే బాణం

2023 అక్టోబరు 7న చైనాలోని హాంగ్‌జౌ నగరంలో ఆసియా క్రీడల మహిళల కాంపౌండ్ ఆర్చరీ ఫైనల్ జరిగింది. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 149–145తో దక్షిణ కొరియా క్రీడాకారిణి సో చెవాన్‌ను ఓడించింది. ఈ పోటీలో ఒక్కొక్కరికి 15 బాణాలు. 149 అంటే 14 బాణాలు పది వలయంలో దిగాయి, ఒక్కటి మాత్రం తొమ్మిదిలో పడింది. గురిపటం 50 మీటర్ల దూరంలో ఉంటుంది. పది వలయం అడ్డుకొలత 8 సెంటీమీటర్లు.

ఆ దూరాన కేంద్రం నుంచి బాణం 4 సెంటీమీటర్లు పక్కకు పోతే పది వలయం అంచుకు చేరినట్టే. అంత తేడా రావడానికి వింటి దగ్గర గురి చూసే గీత మిల్లీమీటరు కూడా కదలక్కర్లేదు. అందులో ముప్పాతిక వంతు కదిలినా చాలు. ఊపిరి పీల్చే, గుండె కొట్టుకునే మనిషి ఇంత సన్నని హద్దులో వరసగా బాణాలు ఎలా వేయగలడు? ఒకే కదలికను తేడా లేకుండా మళ్లీ మళ్లీ చేయడం శరీరానికి నేర్పాలి. పోటీ వేళ మనసుకు ఒక్క చిన్న ఆలోచనే మిగల్చాలి. విలువిద్యలో సాధనంతా ఈ రెంటి కోసమే.

విజయవాడకు విల్లు కొత్త కాదు. అర్జునుడు పాశుపతాస్త్రం కోసం తపస్సు చేసిన కొండ ఇంద్రకీలాద్రేనని స్థలపురాణం. కిరాతార్జునీయ కథను చెక్కిన ప్రాచీన శిలాస్తంభమూ ఆ కొండ మీద ఉంది. ఈ కాలంలో ఊరికి ఆర్చరీ పేరు తెచ్చినవారిలో చెరుకూరి కుటుంబాన్ని ముందుగా తలుచుకోవాలి. ఆ ఇంటి అమ్మాయి వోల్గా 2004లో, అంతర్జాతీయ ఆర్చర్, కోచ్ అయిన అబ్బాయి లెనిన్ 2010లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. తండ్రి సత్యనారాయణ నడిపిన వోల్గా ఆర్చరీ అకాడమీకి ఆ కూతురి పేరే. అంత దుఃఖంలోనూ ఆ ఇల్లు విల్లును వదల్లేదు.

సురేఖ కథ నదిలో మొదలైంది. అయిదేళ్లు నిండకముందే కృష్ణానదిని ఈది లిమ్కా రికార్డుల పుస్తకంలోకి ఎక్కింది. విల్లు చేతికొచ్చింది ఆ తర్వాతే. 2023 ఆగస్టులో బెర్లిన్‌లో అదితి స్వామి, పర్ణీత్ కౌర్‌లతో కలిసి ఫైనల్లో మెక్సికోను 235–229తో ఓడించింది. ప్రపంచ ఆర్చరీ చాంపియన్‌షిప్‌లో భారతదేశానికి అదే తొలి స్వర్ణం. హాంగ్‌జౌలో ఆమె గెలిచిన స్వర్ణాలు మూడు. రికర్వ్ విల్లు పట్టిన బొమ్మదేవర ధీరజ్‌దీ విజయవాడే. హాంగ్‌జౌలో పురుషుల జట్టుతో రజతం అందుకున్నాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానంలో నిలిచాడు.

విల్లును చేతులతో లాగుతారని చూసేవాళ్లకు అనిపిస్తుంది. అసలు పని వీపుది.

పాదాల నుంచి చూద్దాం. భుజాల వెడల్పున కాళ్లు పెట్టి, బరువును రెండు పాదాల మీదా సమంగా మోపాలి. ప్రతి బాణానికీ పాదాలు అదే చోట ఉండాలి గనక కొందరు నేల మీద గుర్తు పెట్టుకుంటారు. తర్వాతది విల్లు పట్టే చెయ్యి. కొత్తగా నేర్చేవాళ్లు పిడిని గుప్పిటతో బిగించేస్తారు. బిగించిన గుప్పిట బాణం వెళ్లే క్షణంలో విల్లును ఏదో ఒక పక్కకు తిప్పుతుంది. అందుకే పిడిని బొటనవేలి కింది మెత్తటి భాగానికి ఆనించి, వేళ్లను వదులుగా ఉంచుతారు. విల్లు జారిపోకుండా వేళ్లకో మణికట్టుకో చిన్న తాడు కట్టుకుంటారు. ఆ పక్క భుజం పైకి లేవకూడదు. కిందికి దిగి, చేతి ఎముకలు ఒకే వరసలో నిలబడాలి. బరువును ఎముక మోస్తే కండరం వణకదు.

నారి లాగేటప్పుడు కుడి మోచెయ్యి వెనక్కి పోయి బాణం గీతలోకి రావాలి. భుజఫలకాల మధ్య కండరాలు దగ్గరకు చేరుతుంటే లాగే చెయ్యి కొక్కెం పనే చేస్తుంది. తర్వాత ఆ చెయ్యి ముఖం మీద ఒకే చోట కుదురుకోవాలి. దీన్ని యాంకర్ అంటారు. రికర్వ్ ఆర్చర్లకు గడ్డం కింద, కాంపౌండ్ ఆర్చర్లకు దవడ ఎముక పక్కన. యాంకర్ కొద్దిగా మారినా నారి లాగిన పొడవు, కన్ను చూసే కోణం రెండూ మారిపోతాయి.

రెండు రకాల విల్లుల తేడా ఇక్కడే తెలుస్తుంది. రికర్వ్ విల్లు లాగేకొద్దీ బరువెక్కుతుంది. పూర్తిగా లాగినప్పుడే వేళ్ల మీద పూర్తి బరువు పడుతుంది. కాంపౌండ్ విల్లు కొసలకు క్యామ్‌లు అనే చక్రాలు ఉంటాయి. అమెరికాలోని మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ ఈ విల్లును 1960లలో రూపొందించి, 1969లో పేటెంట్ పొందాడు. దీన్ని లాగడం కాలవ వంతెన మీదికి సైకిలు తొక్కడం లాంటిది. ఎక్కేటప్పుడు ఉన్న బరువు శిఖరం దాటాక ఉండదు. 50 పౌండ్ల విల్లులో 75 శాతం బరువు తగ్గితే, చివర చేతిలో మిగిలేది పన్నెండున్నర పౌండ్లు. ఆ వెసులుబాటుతో పాటు నారిలో పీప్ అనే చూపు రంధ్రం, ముందు భూతద్దపు స్కోప్, విల్లు పక్కకు వాలిందేమో చూపే నీటి బుడగ కూడా ఉంటాయి. అందుకే ఇందులో తప్పుకు చోటు తక్కువ. ఎదుటివాళ్లు పది తర్వాత పది కొడుతుంటే ఒక్క తొమ్మిదితో ఆట చేజారవచ్చు.

బాణం వదలడమే అన్నిటికన్నా కష్టం. కాంపౌండ్ ఆర్చర్లు నారిని వేళ్లతో కాకుండా రిలీజ్ అనే చిన్న పరికరంతో పట్టుకుంటారు. స్కోప్‌లోని గురి చుక్క పది మీదికి వచ్చింది కదా అని మీటను ఒక్కసారి నొక్కితే చెయ్యి అదురుతుంది. మంచి ఆర్చర్ మీట మీద వేలు ఆనించి, వెన్ను కండరాలను మెల్లగా బిగిస్తూ పోతారు. బాణం ఏ క్షణాన వెళుతుందో ముందుగా తెలియదు. రికర్వ్‌లో ఇదే పని క్లిక్కర్ అనే సన్నని లోహపు పట్టీ చేస్తుంది. బాణం కొస పట్టీని దాటి వెనక్కి రాగానే 'టిక్' మంటుంది, వేళ్లు విడుస్తాయి. బాణం వెళ్లాక కూడా విల్లు చెయ్యి గురి వైపే ఉండాలి. లాగే చెయ్యి మెడ పక్కగా వెనక్కి జారాలి. ఆ చివరి భంగిమ చూసే కోచ్ తప్పు ఎక్కడ పుట్టిందో చెప్పగలరు.

ఇన్ని సంగతులు తలలో పెట్టుకుని బాణం వేయడం ఎవరివల్లా కాదు. ఈ మాట శరీరం కదిలే ప్రతి ఆటకూ వర్తిస్తుంది. గోల్ఫ్ ఆటగాళ్లు స్వింగ్‌కు ముందు ఒక్క ఆలోచననే పట్టుకుంటారు. గాబ్రియేలె వుల్ఫ్, ఆమె సహచరులు 1999లో ప్రచురించిన పరిశోధనలో కొత్తవాళ్లకు గోల్ఫ్ నేర్పారు. చేతుల కదలిక మీద దృష్టి పెట్టినవారి కంటే కర్ర ఊపు మీద దృష్టి పెట్టినవారి బంతులే గురికి దగ్గరగా పడ్డాయి. ఆర్చరీకీ ఈ పాఠం పనికొస్తుంది. 'మోచెయ్యి గోడకు', 'విల్లు గురికి', 'అలాగే ఉండు' లాంటి చిన్న మాటల్లో ఒకటి చాలు. అదీ పోటీ మధ్యలో మార్చకూడదు.

ఆలోచన దారి తప్పితే వచ్చే జబ్బుకు టార్గెట్ పానిక్ అని పేరు. చుక్క పది మీదికి రాకముందే వేలు మీట నొక్కేస్తుంది. కొందరికి చుక్క పదికి కిందనే గడ్డకట్టి పైకి రానంటుంది. గెలుపోటముల భయం ముదిరితే ఎంత అనుభవజ్ఞులకైనా ఇది రావచ్చు. దీనికి మందు వెనక్కి వెళ్లడమే. గురిపటం తీసేసి, నాలుగైదు అడుగుల దూరంలో ఉత్త గడ్డిమోపుకు బాణాలు వేయిస్తారు. కళ్లు మూసుకుని కూడా వేయిస్తారు. చూడటానికి ఏమీ లేనప్పుడు వెన్ను ఎలా బిగుస్తోందో, భుజం ఎక్కడ లేస్తోందో తెలిసివస్తుంది. స్కోప్‌లో చుక్క ఎప్పుడూ నిలవదు, తేలుతూనే ఉంటుంది. దాన్ని తేలనివ్వాలి. ఆపాలని ప్రయత్నిస్తే ఇంకా వణుకుతుంది.

వదలకుండా దించడమూ ఒక విద్యే. వ్యక్తిగత పోరులో బాణానికి 20 సెకన్లు ఇస్తారు. నారి లాగాక కుదరడం లేదనిపిస్తే దించి, ఊపిరి తీసుకుని మళ్లీ లాగడానికి ఆ సమయం చాలు. 'ఈసారి ఎలాగోలా వదిలేద్దాం' అనే తొందరను జయించిన పిల్లలు సగం ఆర్చర్లు అయినట్టే. డెల్టా వేసవిలో ఈ ఓర్పుకు పరీక్ష ఎక్కువ. చెమటకు పిడి జారుతుంది, సాయంత్రం పైరగాలి తిరుగుతుంది. గాలిని గమనించి గురిని కొంచెం పక్కకు మార్చుకోవాలే తప్ప, శరీరం చేసే పనిని మార్చకూడదు.

అన్నీ సరిగ్గా చేసినా ఓడిపోవచ్చు. పారిస్‌లో ధీరజ్ కెనడా ఆర్చర్ ఎరిక్ పీటర్స్‌తో షూటాఫ్ దాకా వెళ్లాడు. ఇద్దరూ పదే కొట్టారు. పీటర్స్ బాణం కేంద్రానికి మరింత దగ్గరగా ఉండటంతో ధీరజ్ 5–6తో నిష్క్రమించాడు. ఒలింపిక్ వేదిక మీద, ఒక్క బాణంతో అంతా తేలిపోయే చోట పది కొట్టగలిగాడంటే అతని సాధనలో లోపం లేనట్టే.

ఈ విద్య విలువ పతకాలతో తీరిపోదు. ఎత్తు, బలం, పరుగు లేని పిల్లలకూ ఇందులో చోటుంది. తన కదలికను తానే గమనించుకోవడం, తప్పును కోపం లేకుండా సరిదిద్దుకోవడం పదేళ్ల వయసులోనే అలవడతాయి. అయితే కాంపౌండ్ విల్లు ఖరీదైనది, పరికరాలు చాలావరకు విదేశాల నుంచే రావాలి. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి ఏడాది ఇండియన్ రౌండ్‌లో వాడే వెదురు విల్లు, గడ్డిమోపు, ఓపికున్న కోచ్ ఉంటే సరిపోతుంది. పాఠశాలలు, పురపాలక మైదానాలు ఆ మాత్రం సమకూర్చగలవు. ఇన్నాళ్లూ ఒలింపిక్స్‌కు బయటే ఉన్న కాంపౌండ్ విల్లు 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లో మిక్స్‌డ్ టీమ్ విభాగంతో అడుగుపెట్టబోతోంది. ఆ వార్త విని విల్లు కావాలని అడిగే పిల్లలకు కృష్ణా తీరంలో కోచ్, సురక్షితమైన మైదానం దొరికేలా చూడటం ఇప్పుడు పెద్దల పని.