పూసిన మెరుపు, పొదిగిన మెరుపు

గిల్టు కలం వయసు ముందుగా క్లిప్పు కొసలో బయటపడుతుంది, తర్వాత మూత అంచున. జేబు గుడ్డ రోజూ ఒరుసుకునేది అక్కడ, వేళ్లు తిప్పేది ఇక్కడ. పైనున్న బంగారం చెరిగి, లోపలి నికెలు తెల్లగానో, దాని కిందున్న ఇత్తడి పచ్చగానో తొంగిచూస్తుంది. కొనేవాళ్లు సాధారణంగా అడిగేది ఇది అసలు బంగారమా, గిల్టా అని. కలం మన్నిక తేల్చే ప్రశ్న మాత్రం వేరు: పైపొర అరిగినప్పుడు కింద ఏముంటుంది? ఈ ప్రశ్నకు హైదరాబాదు పాతబస్తీకి బాగా తెలిసిన బిద్రీ పని ఎప్పుడో జవాబు చెప్పింది.

పూత సంగతి ముందు చూద్దాం. దాని మందాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లయితే, చవక గిల్టులో బంగారం అర మైక్రాను కూడా ఉండదు. పూర్వం బంగారాన్ని పాదరసంలో కలిపి పూసి, పాదరసాన్ని మంట మీద ఆవిరి చేసేవారు; ఆ పొగ పనివాడి ఆయుష్షు తినేసేది. 1840లో ఇంగ్లండులో ఎల్కింగ్టన్ దాయాదులు విద్యుత్తుతో పూత వేసే పద్ధతికి పేటెంటు పొందాక పని సులువైంది, పొర పలచనైంది. పలచని పొరకు రాపిడి ఒక్కటే శత్రువు కాదు. అందులో కంటికి కనిపించని సూదిబెజ్జాలుంటాయి. చెమటలోని ఉప్పు వాటిలోంచి దిగి ఇత్తడిని తింటుంది. ఇత్తడిలోని రాగి కూడా నెమ్మదిగా బంగారంలోకి పాకి, పైకి చేరి మెరుపును మందగింపజేస్తుంది. మధ్యన నికెలు పొర వేసేది దీన్ని ఆపడానికే. కాబట్టి అంగట్లో ఒకేలా మెరిసే రెండు కలాల్లో ఒకటి ఏడాదికే వెలిసిపోవచ్చు, ఇంకొకటి ఇరవై ఏళ్లు నిలవవచ్చు.

బిద్రీ దారి వేరు. పేరు బీదరుది, 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా బీదరు హైదరాబాదు రాష్ట్రంలోనిదే. తుత్తునాగంలో కొద్దిపాటి రాగి కలిపి, ఇసుక మూసలో పోతపోస్తారు. పోతను ఆకురాయితో నునుపు చేసి, గీతలు కనపడేందుకు మైలుతుత్తం నీళ్లు రాసి తాత్కాలికంగా నల్లబరుస్తారు. దాని మీద నమూనా గీసి, ఉలితో గాడులు తొలిచి, వెండి తీగను సుత్తితో లోపలికి దిగగొడతారు. తీగ పనిని తార్‌కషీ అంటారు. రేకు పొదిగితే తెహ్‌నిషాన్. చివరికి బీదరు కోట మట్టిని నవాసారంతో నీళ్లలో కలిపి వేడివేడిగా పట్టిస్తే లోహమంతా కారునలుపుకు తిరుగుతుంది, వెండి మాత్రం తెల్లగానే మిగులుతుంది. రాగి కలపని తుత్తునాగానికి ఇంత నలుపు రాదు. ఈ వెండి పైన అంటించినది కాదు, గాడి గోడల మధ్య బిగిసినది. పైన కాస్త అరిగినా అడుగున వెండే ఉంటుంది.

ఇక్కడొక అభ్యంతరం రావాలి, అది న్యాయమైనదే: బిద్రీ నలుపు కూడా పలచని పైపొరే కదా? అవును. చేతులు తగిలే చోట అది వెలుస్తుంది. ఇత్తడి బిందెను తోమినట్టు చింతపండు పెట్టి తోమితే పులుపు తుత్తునాగాన్ని తిని, నలుపు మొత్తానికే పోతుంది. అయితే ఆ నలుపు పైనుంచి తెచ్చి వేసినది కాదు, ఆ లోహంలోంచే పుట్టినది. మళ్లీ మట్టి పట్టిస్తే మళ్లీ పుడుతుంది. మధ్యలో కాస్త కొబ్బరినూనె గుడ్డతో తుడిస్తే చాలు. గిల్టుకూ మళ్లీ పూత వేయించవచ్చు, కాదనలేం. కానీ అందుకు పాత పొరను తీసి, సాన పట్టాలి. అలా పట్టిన ప్రతిసారీ కలం మీది సన్నని చెక్కడం కొంత చెరుగుతుంది.

అలాగని కలమంతా బిద్రీతో చేయమంటే పొరపాటే. ఈ లోహం బరువు, పెళుసు. కింద పడితే విరగవచ్చు. ఆమ్లగుణమున్న సిరా తగిలితే పాడవుతుంది. బిద్రీలో హుక్కా బుడ్డీలు, పాన్‌దాన్‌లతో పాటు కలం పెట్టుకునే కలందాన్‌లు వచ్చాయి. పెట్టె ఒకచోట ఉంటుంది, రాసే చేతికి దాని బరువు తగలదు. బిద్రీ ఇమిడే చోటు అలాంటిది. సాలార్‌జంగ్ మ్యూజియంలోని బిద్రీ సేకరణ చూస్తే ఈ పనివాళ్లు ఏ రూపాలు ఎంచుకున్నారో తెలుస్తుంది. చేతిలో పట్టే కలానికి అదే సూత్రాన్ని వేరే పదార్థంలో పాటించింది రాజమండ్రి. 1930లలో కోసూరి వెంకటరత్నం అక్కడ ఎబొనైటు అనే గట్టి రబ్బరుతో స్వదేశీ కలాలు చేశారు. 1935లో గాంధీజీ ఆ కలాన్ని మెచ్చుతూ ఉత్తరం రాశారు. ఎబొనైటు నలుపు లోపలిదాకా ఒకటే. ఏళ్ల వెలుతురుకు అది గోధుమ రంగుకు తిరిగినా, పైన గీత పడినా, రుద్ది మెరుగుపెడితే కింది నలుపు తేలుతుంది.

పూత లేకపోతే నవాబు ఇంటి తళుకు గుమాస్తా జేబుకు చేరేదా అని అడగవచ్చు. చేరేది కాదు. ఆ మేలు పూతదే, దాన్ని తక్కువ చేయనక్కరలేదు. పైన పటారం, లోన లొటారం అనే మాట వర్తించేది పూత వేసిన వస్తువుకు కాదు. ఎంత వేశారో, కింద ఏముందో చెప్పకుండా అమ్మిన వస్తువుకు. చేతికలం చేసేవాళ్లు పూత మందం చెప్పి, నికెలు అడుగు వేసి, వేళ్లు ఆనే చోటును పూతకు వదలకుండా ఎబొనైటుకే ఉంచితే, చేతి రాపిడంతా అరిగినా రంగు మారని చోటనే పడుతుంది. బంగారం మూత మీద ఉండి చూపుకు పనికివస్తుంది.