తొమ్మిది నిమిషాలకో గుక్క

దగ్గు మందు సీసా మూత మీద బోర్లించి ఇచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పు మన అందరి ఇళ్ళలోనూ ఉంటుంది. దాని మీద సన్నగా గీతలు, పక్కన మిల్లీలీటర్ల అంకెలు. యూదుల ఇళ్ళలో ఏడాదికి ఒక్క రోజు అలాంటి కప్పుకి మందుతో సంబంధం లేని పని పడుతుంది. యోమ్ కిప్పూర్ నాడు ఇంటిల్లిపాదీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉంటే, జబ్బుపడిన మనిషి మంచం పక్కన ఆ కప్పూ, ఒక గడియారమూ పెడతారు. కప్పులో 30 మిల్లీలీటర్లకు కాస్త తక్కువగా తిండి. అది తినగానే గడియారం చూసుకోవాలి. 9 నిమిషాలు గడిచాక మరో కప్పు.

ఈ పద్ధతి గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. తింటే తినాలి, మానితే మానాలి, మధ్యలో ఈ కొలతలేమిటి అనుకున్నాను. మన దగ్గర ఇంత తంటా లేదు. ఏకాదశికి కటిక ఉపవాసం ఉండే అమ్మమ్మకు షుగరు వచ్చిందనుకోండి, "ఆతురానికి నియమం లేదు, దేవుడేమీ అనుకోడు, రెండు ఇడ్లీ తిను" అంటాం. అమ్మమ్మ తింటుంది, కానీ ఏదో తప్పిపోయినట్టు ముఖం పెడుతుంది. యూదుల ధర్మశాస్త్రం ఆతురానికి నియమం లేదనదు. ఉందంటుంది. తినమని చెప్పేదే ఆ నియమం. రోగిని వ్రతం బయటికి పంపేయకుండా, అతని చేతికి ఇంకో వ్రతాన్ని ఇస్తుంది. ఇది అర్థమయ్యాక నాకు ఆ కప్పును చూసి నవ్వు రాలేదు.

యోమ్ కిప్పూర్ అంటే ప్రాయశ్చిత్త దినం. తెలుగు బైబిలు చదివేవాళ్ళకు లేవీయకాండం ద్వారా పరిచయమే. యూదుల క్యాలెండరులో తిష్రీ నెల 10వ రోజున వస్తుంది. 2025లో అక్టోబర్ 2న, సరిగ్గా మన విజయదశమి నాడు పడింది. ముందురోజు పొద్దు గూకకముందు మొదలై మర్నాడు చుక్కలు కనిపించేదాకా, దాదాపు 25 గంటలు. తిండి లేదు, నీళ్ళు లేవు, స్నానం లేదు, తోలు చెప్పులు లేవు. యూదుల క్యాలెండరులో ఇంకో ఐదారు ఉపవాసాలున్నా దీని బరువు వేరు. తెలిసి తెలిసి ఉల్లంఘించినవాడు ప్రజల్లోంచి కొట్టివేయబడతాడని యూదుల మూల ధర్మగ్రంథం తోరా అంటుంది. అంత కఠినమైన రోజు కాబట్టే, ఎవరు ఎప్పుడు ఎంత తినాలన్న చర్చ కూడా అంత లోతుగా సాగింది.

ఆ చర్చకు పునాది పికువాహ్ నెఫెష్ అనే సూత్రం. ప్రాణం కాపాడటం అని అర్థం చెబుతారు గానీ, ఆ మాట వెనక శిథిలాలు తొలగించడమనే బొమ్మ ఉంది. సుమారు 200వ సంవత్సరం నాటికి కూర్చిన మిష్నా అనే ధర్మ సంకలనంలో, యోమ్ కిప్పూర్ నియమాలు చెప్పే అధ్యాయంలోనే, విశ్రాంతి దినాన ఇల్లు కూలితే ఏం చేయాలో ఉంది. లోపల మనిషి ఉన్నాడో లేడో తెలియదు. ఉన్నా బతికున్నాడో లేదో తెలియదు. అయినా తవ్వాలి. అంటే ప్రమాదం ఉందని రుజువు కానక్కర్లేదు, ఉందేమోనన్న అనుమానం చాలు. దీనికి లేఖనాధారం ఏమిటని, మిష్నా మీద సాగిన చర్చల గ్రంథమైన తల్మూద్‌లో పండితులు తలో వచనం చూపించారు. చివరికి నిలిచింది షమూయేల్ అనే పండితుడు చూపిన లేవీయకాండం 18:5. ఆజ్ఞలు మనిషి బతకడానికే, చావడానికి కాదని ఆయన తేల్చాడు. విగ్రహారాధన, హత్య, నిషిద్ధ లైంగిక సంబంధం, ఈ మూడు తప్ప మిగతా నిషేధాలన్నీ ప్రాణం ముందు తలవంచుతాయి.

సూత్రం సరే. ప్రమాదం ఉందని చెప్పేదెవరు? 16వ శతాబ్దంలో యోసెఫ్ కారో కూర్చిన షుల్హాన్ అరూఖ్ అనే ధర్మసంహిత ఇక్కడ చూపిన నేర్పు నాకు బాగా నచ్చింది. తినకపోతే ముప్పని డాక్టరు అంటే, రోగి వద్దన్నా తినిపించాలి. జబ్బు మైకంలో ఉన్నవాడికి తన ఆకలి తనకు తెలియకపోవచ్చు. డాక్టరు యూదుడు కానక్కర్లేదు, పని తెలిసినవాడైతే చాలు. అదే తిరగేస్తే, వందమంది డాక్టర్లు అక్కర్లేదన్నా, రోగి "నాకు కావాలి" అంటే అతని మాటే చెల్లుతుంది. ఎవరి బాధ వాళ్ళ మనసుకే తెలుసు అన్నది అక్కడి తర్కం. మరి ఇద్దరు డాక్టర్లు తినాలని, వందమంది వద్దని అంటే? తినాలి. మామూలు వ్యాజ్యాల్లో మెజారిటీని లెక్కపెట్టే ఆ శాస్త్రమే, ప్రాణం దగ్గర తలలు లెక్కపెట్టడం మానేసింది. తక్కెడను కావాలనే ఒకవైపు మొగ్గేలా తయారుచేశారు.

ఇక కొలతల సంగతి. పెద్ద ఖర్జూరం పండంత తిండి తింటే పూర్తి దోషం. కోడిగుడ్డులో మూడింట రెండు వంతుల కన్నా తక్కువ తిని, తగినంత వ్యవధి ఇచ్చి మళ్ళీ తింటే ఆ దోషం పట్టదు. తాగేదానికి కొలత వేరు. ఒక బుగ్గ నిండేంత. ఎవరి బుగ్గ వాళ్ళది కాబట్టి, పండగకు ముందే నోట్లో నీళ్ళు పోసుకుని, ఒక పక్కకు చేర్చి, గ్లాసులోకి వదిలి కొలుచుకోమంటారు. మామూలుగా 40 మిల్లీలీటర్ల లోపు ఉంచుతారు. తిండి కొలత మాత్రం పసివాడికీ పహిల్వానుకీ ఒక్కటే. పురాణాల్లో రాక్షసుడంతటి వాడని చెప్పే బాషాను రాజు ఓగును ఉదాహరణకు తెచ్చి మరీ తల్మూద్ వాదించింది. తిండీ నీళ్ళూ ఒకదానితో ఒకటి కలవవు, విడివిడి ఖాతాలు. కాబట్టి ఒకే విడతలో రెండూ తీసుకోవచ్చు. గంటకు ఆరు విడతలనుకున్నా 180 మిల్లీలీటర్ల దాకా తిండి, 240 దాకా ద్రవం లోపలికి పోతాయి. చాలామంది రోగులకు అది సరిపోతుంది. చాలనివాళ్ళు కప్పునూ గడియారాన్నీ పక్కన పెట్టి కడుపునిండా తినాలి. ఆ మాట కూడా నియమంలోనే ఉంది.

అర కొలత తింటే అసలు తప్పే లేదా? ఉందన్నవాడు తల్మూద్ కాలపు మతగురువు రబ్బీ యోహానాన్. శిక్ష పడకపోయినా తోరా నిషేధం నిషేధమే అన్నాడు. అతని సహచరుడు రేష్ లకీష్ ఒప్పుకోలేదు. యోహానాన్ మాటే నిలిచింది. ఆశ్చర్యమేమిటంటే, ఇంత గట్టిగా మాట్లాడిన ఈ మనిషే యోమా అనే తల్మూద్ గ్రంథంలో ఇంకో రెండు చోట్ల కనిపిస్తాడు. కడుపుతో ఉన్న ఒకామెకు యోమ్ కిప్పూర్ నాడు వంట వాసన తగిలి, తట్టుకోలేని కోరిక పుట్టింది. ఏం చేయమంటారని పెద్దల్ని అడిగితే, ఈ రోజు యోమ్ కిప్పూర్ అని ఆమె చెవిలో మెల్లగా చెప్పండి అన్నారు. చెప్పారు, ఆమె కుదుటపడింది. ఆమె కడుపున పుట్టినవాడే యోహానాన్. రెండోచోట అతనికే బుల్మోస్ పట్టింది. ఆకలితో కళ్ళు బైర్లు కమ్మి ప్రాణం మీదికి వచ్చే స్థితి అది. చెవిలో చెప్పడాలు, గుక్కలు కొలవడాలు ఏమీ లేవు. పరుగెత్తుకెళ్ళి అంజూర చెట్టు తూర్పు పక్కన కాసిన పళ్ళు తిన్నాడు. అలాంటి మనిషికి చూపు తేటపడేదాకా ఏది దొరికితే అది పెట్టాలన్నది మిష్నా మాట.

గర్భిణి విషయంలో మెట్లు మెట్లుగా వెళ్ళే పద్ధతి తర్వాతి శాస్త్రంలో స్థిరపడింది. ముందు చెవిలో చెప్పాలి. తగ్గకపోతే పులుసు చుక్కలు నాలుకకు తగిలించాలి. అదీ చాలకపోతే అర కొలత, ఆ తర్వాత కావలసినంత. ప్రసవమైన మూడు రోజుల దాకా బాలింత ఉపవాసం ఉండనే కూడదు. ఏడో రోజు దాకా, కావాలంటే చాలు, పెడతారు. తొమ్మిదేళ్ళలోపు పిల్లల్ని పస్తు పెట్టనివ్వరు.

తక్కిన ఉపవాసాల్లో ఇంత పట్టింపు లేదు. యెరూషలేము ఆలయాలు కూలిన దుఃఖంతో ఉండే తిషా బావ్ కూడా 25 గంటలదే. కానీ అది పండితులు విధించింది, కాబట్టి ప్రాణాపాయం లేకున్నా మంచం పట్టినవాడు తినొచ్చు.

రోగుల్లో కొందరు మొండివాళ్ళుంటారు. ఏళ్ళ తరబడి తప్పని వ్రతం ఈ ఏడు తప్పుతుందని ఏడ్చేవాళ్ళుంటారు. వాళ్ళను ఒప్పించడం శాస్త్రం రాసినంత తేలిక కాదు. 1848లో విల్నాలో కలరా చెలరేగినప్పుడు రబ్బీ ఇస్రాయేల్ సలాంతర్ జనాన్ని తినమన్నాడని, ప్రార్థనా మందిరంలో అందరి ముందూ తానే తిని చూపించాడని చెప్పుకుంటారు. తిన్నాడా, అనుమతి మాత్రమే ప్రకటించాడా అన్నదాని మీద వాదాలున్నాయి. కథ ఇన్నాళ్ళు బతకడానికి మాత్రం కారణం తెలుస్తూనే ఉంది. తినమనే ఆజ్ఞ నోటితో ఇస్తే చాలదు, గురువు నోట్లో ముద్ద కనబడాలి. తర్వాతి తరంలో బ్రిస్క్ పట్టణపు రబ్బీ హయిమ్ సొలొవేచిక్‌ను, యోమ్ కిప్పూర్ విషయంలో ఇంత ఉదారమేమిటని అడిగారట. యోమ్ కిప్పూర్ విషయంలో ఉదారం కాదు, ప్రాణం విషయంలో కఠినం అన్నాడట.

ఇక్కడే చాలామందికి తెలియని ఒక తీర్పు చెప్పాలి. మంచం మీద పడుకుంటే ఉపవాసం నిలుస్తుంది, మందిరానికి నడిస్తే నిలవదు అన్న పరిస్థితి వస్తే, పడుకోవాలి. పండగ ప్రార్థనంతా పోయినా సరే. మన వాళ్ళు గుడికి వెళ్ళొచ్చి సొమ్మసిల్లడం చూసిన నాకు ఇది బాగా తగిలింది.

గుక్కల పద్ధతికి హద్దు కూడా ఉంది. తిండిని చూసి భయపడే, అన్నం మెతుకుల్ని లెక్కపెట్టే మానసిక వ్యాధులున్నవాళ్ళకు కొలత గిన్నె ఇస్తే జబ్బుకు ఆయుధం ఇచ్చినట్టే. ఈ కాలపు రబ్బీలు చాలామంది అలాంటివాళ్ళను కొలవకుండా మామూలు భోజనమే చేయమంటున్నారు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు డాక్టరు చెప్పిన లెక్కే లెక్క. పద్ధతిని పూజించకుండా, దాన్ని ఎప్పుడు పక్కన పెట్టాలో కూడా తెలిసి ఉండటమే ఈ సంప్రదాయంలో నాకు కనిపించిన పెద్ద విలువ. ఈ సంప్రదాయంలో ఒక ముందుజాగ్రత్త కూడా ఉంది. ప్రాణం మీదికి వచ్చిన వేళ తినొచ్చా అని అడుగుతూ కూర్చునేవాడు రక్తం చిందించినవాడితో సమానమని, అడిగించుకున్న పండితుడికి అది సిగ్గుచేటని యెరూషలేము తల్మూద్ అంటుంది. జనం అడిగేదాకా ఎందుకు ఉంచాడు, ముందే ఎందుకు నేర్పలేదు అని దాని కోపం.

గుంటూరు ప్రాంతంలో, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను యూదులుగా చెప్పుకునే బెనె ఎఫ్రాయిం తెలుగు కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వాళ్ళను వదిలేస్తే ఈ శాస్త్రం మన వాళ్ళెవరికీ వర్తించదు. అయినా ఏకాదశికో, శివరాత్రికో, రంజానుకో మన ఇళ్ళలో మందుబిళ్ళ వేసుకోకుండా పస్తుండే పెద్దవాళ్ళున్నారు. "దేవుడేమీ అనుకోడులే" అన్న మాట వాళ్ళకు ఎప్పుడూ చాలలేదు.

షుల్హాన్ అరూఖ్‌లో ఇంకో చిన్న విధి ఉంది. యోమ్ కిప్పూర్ నాడు రొట్టె తిన్న రోగి, భోజనానంతరం చెప్పే కృతజ్ఞతా ప్రార్థన మానకూడదు. పండగ రోజుల్లో అందులో కలిపే ప్రత్యేక భాగాన్ని కూడా, యోమ్ కిప్పూర్ పేరు పెట్టి, కలపాలి. ఆ రోజు ఊరంతటిలో ఆ మాటలు భోజనం తర్వాత పలికేది రోగి ఒక్కడే.