ముగ్గురు చంద్రులు, మూడు కొండలు

ఏన్కూరు కల్లాల్లో వడ్లు ఆరబోసే రోజులొస్తే నాకు పావులూరి మల్లన గుర్తొస్తాడు. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఇలా రెట్టిస్తూ పోతే అరవైనాలుగు గళ్ళకూ కలిపి ఎన్ని? 18446744073709551615. వెయ్యి వడ్లు 25 గ్రాములు తూగుతాయనుకుంటే, సగం గళ్ళు నిండేసరికి 107 టన్నులు. అది మా మండలంలో కాంటా పెట్టి లారీలకెత్తగల సరుకే. మిగతా సగమూ నిండితే 46 వేల కోట్ల టన్నులు!

ఈ ఇరవై అంకెలూ మల్లన చంపకమాల ఒక్కదానిలో ఇమిడిపోయాయి. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు చేసిన కవి ఆయన. 11వ శతాబ్దం వాడని చెబుతారు. పద్యంలో అంకెలుండవు, మాటలే ఉంటాయి. శరమంటే 5, మన్మథుడి బాణాలు ఐదు కదా. గగనమంటే సున్న. ఒకట్ల స్థానంలో మొదలుపెట్టి ఎడమకు రాసుకుంటూ పోవాలి.

ఇక పద్యం లోపలికి చూడండి. సంఖ్యలో 1 మూడుచోట్ల ఉంది. మూడుచోట్లా చంద్రుడే: ఒకచోట శశి, ఒకచోట చంద్ర, చివర తుహినాంశు. మూడు ఏడులూ మూడు కొండలు. రెండు సున్నలూ రెండు ఆకాశాలు. నాలుగు నాలుగుల్లో రెండు సముద్రాలు, ఒకటి వేదం, ఒకటి బ్రహ్మ ముఖం. ఒక్క అంకె తడబడితే లెక్క పోతుంది, ఒక్క గురువు జారితే గణం పోతుంది. రెండూ పోలేదు. మూడో పాదం మొదట్లోనే సంఖ్య పూర్తయిపోయింది! లెక్క చెబుతూ చెబుతూ కొండల మీద వెన్నెల కాయించిన పద్యం నాకు మరొకటి తెలియదు.

నేత్రం, కరం, పక్షం అని 2కు ఎన్ని మాటలున్నా ఒక్కదానికీ ఇందులో చోటు దొరకలేదు. రెట్టింపుల్లోంచే పుట్టిన ఈ సంఖ్యలో రెండు అంకె అసలు లేదు మరి.

దీన్ని విడగొడితే 3, 5, 17, 257, 65537 వస్తాయి, అన్నీ ప్రధాన సంఖ్యలే. మిగిలిన 4294967297 కూడా ప్రధానమేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. అది 641 × 6700417 అని 1732లో ఆయిలర్ తేల్చాడు. నేటి కంప్యూటర్ 64 బిట్లలో, రుణసంఖ్యలు లేకుండా, పట్టగల అతిపెద్ద పూర్ణసంఖ్య కూడా మల్లన చెప్పిన ఈ ఇరవై అంకెల సంఖ్యే.

ఈ పద్యం సంపాదించి పిల్లల చేత పైకి చదివించండి. మాట మాటకూ పలక మీద అంకె వేయించండి, కుడి నుంచి ఎడమకు.