డాల్మేషియను కుక్క – జాతిశుద్ధి వాదము

తెల్లని ఒంటిపై నల్లని మచ్చలుగల డాల్మేషియను కుక్కను బొమ్మలోనైనను చూడని విద్యార్థి అరుదు. ఈ కుక్క మూత్రములో ఒక విశేషము కలదు. తక్కిన కుక్కలు యూరిక్ ఆమ్లమును కాలేయములో అల్లాంటోయిన్ అను పదార్థముగా మార్చి విసర్జించును. అది నీటిలో సులభముగా కరగును. డాల్మేషియనులో ఈ మార్పు సరిగా జరుగదు. మార్చవలసిన ఎంజైము లేకపోలేదు. యూరిక్ ఆమ్లము కాలేయకణములలోనికి పోవు దారియే చెడినది. అందుచే అది మూత్రములో హెచ్చి, కొన్ని కుక్కలకు రాళ్లు కట్టును. మగకుక్కల మూత్రనాళము సన్ననిది; రాయి అడ్డుపడినచో ప్రాణాపాయమే.

ఈ లక్షణము అంతర్గతమని 1938లో ట్రింబుల్, కీలర్ అను శాస్త్రజ్ఞులు చూపిరి. అనగా తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, రెండు లోపజన్యువులు కలిసినప్పుడే అది బయటపడును. ఒకే లోపజన్యువు గలది ఆరోగ్యముగానే యుండి దానిని మోయుచుండును. రోగమున్న కుక్కలను జతకట్టనీయకున్న చాలునని పెంపకందారులు తరచు అందురు. లెక్క వేసి చూడుడు: విచక్షణ లేక జతకట్టు మందలో నూటికి ఒక కుక్కకు అంతర్గత రోగమున్నచో, నూటికి 18 కుక్కలు దానిని రహస్యముగా మోయుచుండును!

డాల్మేషియను స్థితి ఇంతకంటె విచిత్రము. ఇందు వాహకములను వెదకు పనియే లేదు. బయటి జాతితో కలపకముందు నమోదైన జాతియంతయు రెండు లోపజన్యువులు గలదే. వంశావళులు ఎంత శ్రద్ధతో చూచి జతపరచినను, లేని మంచి జన్యువు ఎక్కడనుండి వచ్చును?

బయటనుండి రావలెను. 1973లో అమెరికాలో రాబర్ట్ షైబుల్ అను జన్యుశాస్త్రజ్ఞుడు డాల్మేషియనును పాయింటరు జాతి కుక్కతో ఒక్కసారి జతపరచి, సంతానమును తరతరమునకు డాల్మేషియనులతోనే కలిపెను. 1981లో అమెరికను కెన్నెల్ క్లబ్బు ఈ వంశపు కుక్కలు రెండింటిని నమోదు చేసినది. డాల్మేషియను సంఘ సభ్యులు వ్యతిరేకించుటతో తలుపు మూతపడినది. అది తిరిగి తెరచుకొన్నది 2011లో. ఈ మధ్య 30 ఏండ్లు గడచినవి.

అన్యజాతి రక్తము కలిసినదనుట ప్రధానమైన అభ్యంతరము. ఇది మెండెలుకు పూర్వపు ఆలోచన. రక్తమును పాలవలెను, పరజాతిని నీళ్లవలెను భావించుట. పాయింటరు వాటా మొదటి తరమున సగము, రెండవదానిలో పావు, పదవదానిలో సగటున 1024లో ఒక వంతు. కాని కోరిన జన్యువు పలుచబడదు. ప్రతి ఈతలోను కూనల మూత్రము పరీక్షించి, యూరిక్ ఆమ్లము తక్కువగానున్నవానినే ఏరుకొనిరి గదా! ఆ జన్యువునకు పొరుగున నున్న కొద్ది భాగము మాత్రము పాయింటరుదే నిలుచును, ఇది ఒప్పుకొనవలసినదే. అయినను, కుక్కజాతులన్నియు ఒకప్పుడు సంకరములనుండి ఏరి స్థిరపరచినవే. లండనులో కెన్నెల్ క్లబ్బు ఏర్పడినదే 1873లో. పుస్తకము మూసిన తేదీకి ముందు జరిగిన సంకరము వంశగౌరవమట, తరువాతిది కళంకమట!

రెండవ వాదమునకు కొంత విలువ ఇత్తును. చాల డాల్మేషియనులకు రాళ్లు పుట్టనే పుట్టవు. నీరు హెచ్చుగా త్రాగించి, కాలేయము వంటి మాంసములు మానిపించిన ముప్పు తగ్గును. నిజమే. కాని ఆహారనియమము ఆ కుక్కకే పరిమితము. దాని కూనలు అదే లోపముతో పుట్టును. యజమానుని జాగ్రత్త జన్యువులలోనికి పోదు.

లోపమున్న జన్యువును 2008లో గుర్తించిరి. దాని పేరు ఎస్.ఎల్.సి.2.ఎ.9. ఇప్పుడు మూత్రముతో పనిలేక జన్యుపరీక్షచే తేల్చవచ్చును. ఒకే మంచి జన్యువు గల కుక్కను పాత డాల్మేషియనుతో జతపరచినచో సగటున సగము కూనలు, అట్టివే రెండింటిని జతపరచినచో నాలుగింట ఒకటి, ఇప్పటికిని లోపముతోనే పుట్టును. రెండును మంచివే గల కుక్కను ఎవరితో జతపరచినను ఒక్క కూనకును ఆ బాధ యుండదు.