ఛందోబోధనలో సాంకేతిక ఉపకరణాలు: గణవిభజనకు ఆవల

తెలుగు తరగతిలో సాంకేతికత ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆసక్తి అనే మాటే ముందు వినిపిస్తుంది. తెర, క్విజ్, దృశ్యశ్రవణ సామగ్రి ఉంటే విద్యార్థి పాఠంలో లీనమవుతాడన్న భావన బలపడింది. ఆ ఆసక్తి దేనిమీద నిలుస్తున్నదో పరిశీలించడానికి ఛందోబోధన మంచి గీటురాయి.

పద్యాన్ని ఇస్తే గురులఘువులను గుర్తించి, గణాలు విభజించి, యతిప్రాసలను చూపే 'ఛందం' వంటి అంతర్జాల ఉపకరణాలు నేడు అందుబాటులో ఉన్నాయి. నల్లబల్లపై పావుగంట పట్టే పని క్షణంలో ముగుస్తుంది. వందల పద్యాలను పరిశీలించవలసిన పరిశోధకునికి ఇది వరమే. ఛందస్సు అప్పుడే నేర్చుకుంటున్న డిగ్రీ విద్యార్థి సంగతి వేరు. అతడు నేర్వవలసిన పనినే ఉపకరణం చేసిపెడుతున్నది.

'రాజప్రసాదము' అన్న సంస్కృత సమాసంలో 'ప్ర'కు ముందున్న 'జ' గురువు. 'అది ప్రసాదము' అన్నప్పుడు 'ది' లఘువుగానే నిలుస్తుంది. తెలుగు పదం చివరి హ్రస్వాన్ని పరపదాదిలోని సంయుక్తాక్షరం సాధారణంగా గురువుగా మార్చదు. కంటికి రెండుచోట్లా హ్రస్వం తరువాత 'ప్ర'యే. భేదం పదస్వరూపంలోనూ ఉచ్చారణలోనూ ఉంది. విద్యార్థి 'రాజ ప్రసాదము' అని నడుమ ఖాళీ వదిలి టైపు చేస్తే, ఆ ఖాళీనే పదాంతంగా గ్రహించే సాధనం 'జ'ను లఘువుగా లెక్కిస్తుంది. గణం తప్పుతుంది, తప్పు కవిదేనేమో అనిపిస్తుంది. యతి విషయమూ ఇటువంటిదే. 'దేవాలయము'లోని 'వా' యతిస్థానంలో పడి, పాదం 'అ'తో మొదలైతే యతి చెల్లుతుంది. సవర్ణదీర్ఘసంధిలో కలిసిపోయిన అచ్చును పట్టుకోగలిగినవారికే ఆ మైత్రి తెలుస్తుంది. వ్యాకరణం, ఛందస్సు వేరువేరు పాఠాలు కావని విద్యార్థికి తెలిసేది ఇక్కడే. ముందు చేతితో గణవిభజన చేయించి, తరువాత ఉపకరణం ఇచ్చిన ఫలితంతో పోల్చితే, రెండూ కలవని చోట తరగతి చర్చకు దిగుతుంది: తప్పు విద్యార్థిదా, యంత్రానిదా, అచ్చుప్రతిదా? పాఠం రక్తికట్టే ఘట్టం అదే.

క్విజ్ యాప్‌లు ఈ చర్చకు చోటివ్వవు. యతిస్థానం ఉత్పలమాలకు 10, చంపకమాలకు 11, శార్దూలానికి 13, మత్తేభానికి 14 అని గడియారంతో పోటీపడి చెప్పగల విద్యార్థి, పద్యం వినిపిస్తే వృత్తమేదో పోల్చుకోలేకపోవచ్చు.

చెవికి శిక్షణ కావాలంటే పద్యం వినాలి. ఘంటసాల గానం చేసిన కరుణశ్రీ 'పుష్పవిలాపం' వంటివి తరగతిలో వినిపించడం సులభం, మనోహరం కూడా. కానీ రాగాలాపనలో లఘువు సైతం సాగుతుంది. గురులఘు భేదం గ్రహించడానికి అటువంటి గానం అంతగా తోడ్పడదు. రాగం లేకుండా పద్యాన్ని చదివి, ఫోనులో రికార్డు చేసి, తన గొంతు తానే విని విరుపులు గుర్తించుకోవడం విద్యార్థికి ఎక్కువ మేలు చేస్తుంది. ఇందుకు ప్రత్యేక యాప్ ఏదీ అక్కరలేదు.

మూల్యాంకనం మాత్రం వెనుకబడే ఉంది. 'గణవిభజన చేసి లక్షణాలు వ్రాయుము' అని ఇంటిపని ఇస్తే ఫోనే ఉత్తరం వ్రాస్తుంది. ఒక అక్షరం తప్పుగా అచ్చయిన పాదాన్నిచ్చి, తప్పెక్కడో చూపి సవరణకు కారణం వ్రాయమంటే విద్యార్థి ఆలోచించక తప్పదు. ఆ కారణాలను ఒక్కొక్కటిగా చదివి దిద్దవలసింది అధ్యాపకుడే. అరవైమంది ఉన్న తరగతిలో అందుకు వ్యవధి ఎక్కడిదన్న చిక్కును ఏ ఉపకరణమూ తీర్చలేదు.